కారుకి రెండో తాళం: షోరూమ్‌లోనా, కీ మేకర్ దగ్గరా, ఆన్‌లైన్‌లోనా?

చేతిలో పనిచేసే తాళం ఇంకొకటి ఉందా? కారు తాళం గురించి ఎవరు సలహా అడిగినా నేను మొదట అడిగేది ఇదే. ఒకటి ఉంటే రెండోది చేయించడం ఒక పూట పని. ఎవరి దగ్గర చేయించాలో నలుగురిని అడిగి, రేట్లు కనుక్కుని తీరిగ్గా తేల్చుకోవచ్చు. ఒక్కటీ లేకపోతే కారు ఉన్నచోటి నుంచి కదలదు. తలుపు తెరిపించడం దగ్గర్నుంచి ప్రతిదానికీ విడిగా డబ్బు, వచ్చినవాడు ఎంతంటే అంత. అందుకని మీ కారుకి ఒక్క తాళమే మిగిలి ఉంటే, ఏ దారి మంచిదో తర్వాత చూద్దాం గానీ, ఆ పని మాత్రం వాయిదా వేయకండి. రెండో తాళానికి అయ్యే ఖర్చు ఎంతైనా, అన్నీ పోయాక అయ్యే ఖర్చు కంటే తక్కువే.

ఇంత తంటా ఎందుకంటే, ఇప్పటి తాళంలో బండిని స్టార్ట్ చేయించేది గాట్లున్న ఇనుప ముక్క ఒక్కటే కాదు. దాని ప్లాస్టిక్ తలలో చిన్న చిప్ ఉంటుంది. కొన్నింటిలో గాజు గొట్టంలా, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దగా ఉంటుంది. కొన్నింటిలో నల్లటి చిన్న బిళ్ళలా ఉంటుంది. గాజుదాన్ని వెలుతురుకి పట్టి చూస్తే లోపల వెంట్రుకంత సన్నటి రాగి తీగ చుట్టి కనిపిస్తుంది. ఈ చిప్‌కి బ్యాటరీ లేదు. తాళం దూర్చే చోట, ఇగ్నిషన్ చుట్టూ ఒక రింగ్ కాయిల్ ఉంటుంది. తాళం తిప్పగానే అది సుమారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర అయస్కాంత తరంగం వదులుతుంది. ఆ తరంగం నుంచే చిప్ తనకి కావలసిన కరెంటు తీసుకుని తన గుర్తింపు చెబుతుంది. పాత చిప్‌లు ఎప్పుడూ ఒకే నంబరు చెప్పేవి. తర్వాత వచ్చినవాటిలో కారు ప్రతిసారీ కొత్త సంఖ్య పంపుతుంది, చిప్ తనలో దాచుకున్న రహస్య సంఖ్యతో లెక్క కట్టి జవాబు పంపుతుంది. జవాబు సరిపోతేనే ఇంజిన్ నడిపే కంప్యూటర్ పెట్రోలునీ స్పార్క్‌నీ వదులుతుంది. దీన్నే ఇమ్మొబిలైజర్ అంటారు. మారుతి కార్లలో ఐక్యాట్స్ అని రాసి ఉండేది ఇదే. జర్మనీ, బ్రిటన్‌లలో 1998 నుంచి, ఆస్ట్రేలియాలో 2001 నుంచి కొత్త కార్లకి ఇది తప్పనిసరి.

ఇక్కడ ఒక సంగతి బాగా గుర్తుంచుకోవాలి. తలుపులు తెరిచే రిమోట్ వేరు, బండి స్టార్ట్ చేయించే చిప్ వేరు. రెండూ ఒకే డొక్కులో, అంటే తాళం పై ప్లాస్టిక్ పెట్టెలో, ఉన్నా ఒకదానితో ఒకదానికి సంబంధం లేకుండా పనిచేసే తాళాలే మన రోడ్ల మీద ఎక్కువ. రిమోట్‌కి గుండ్రటి చిన్న బ్యాటరీ కావాలి, చిప్‌కి అక్కర్లేదు. ఈ తేడా తెలియక, అవసరం లేని కొత్త తాళం కొన్నవాళ్ళు చాలామంది ఉన్నారు.

కొనే ముందు: నిజంగా పోయింది తాళమేనా?

బటన్ నొక్కితే తలుపు తెరుచుకోవట్లేదు, తాళం పెట్టి తిప్పితే మాత్రం బండి మామూలుగా స్టార్ట్ అవుతోంది. అప్పుడు చిప్ బాగానే ఉంది, బ్యాటరీ మార్చి చూడండి. డొక్కు తెరిచి పాత బ్యాటరీ మీదున్న నంబరు చూసి అదే కొనండి. సీఆర్ 2032, 2025, 2016, 1620 అని చాలా రకాలున్నాయి, మందంలో తేడా ఉంటే లోపల రేకుకి సరిగ్గా ఆనదు. మార్చినా పనిచేయకపోతే బటన్ కింద టంకం విరిగి ఉండొచ్చు. తరచూ కింద పడే తాళాల్లో ఇది మామూలే. మొబైల్ రిపేర్ చేసేవాళ్ళు దాన్ని మళ్ళీ అతికించగలరు.

దీనికి తలకిందులుగా, రిమోట్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది, బండి మాత్రం స్టార్ట్ అవ్వదు. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు వెలిగి ఆరుతూ ఉంటుంది. హోండాల్లో అది ఆకుపచ్చ తాళం బొమ్మ, చాలా కార్లలో కారు బొమ్మ మీద తాళం. కొన్ని కార్లలో సెల్ఫ్ అసలు తిరగదు. కొన్నింటిలో తిరిగి, బండి స్టార్ట్ అయినట్టే అయి ఒకటి రెండు సెకన్లలో ఆగిపోతుంది. ఫోక్స్‌వ్యాగన్, స్కోడాల్లో ఇలా ఆగిపోవడం ఎక్కువగా చూస్తాం. పెట్రోలు పంపు పోయిందనుకుని మెకానిక్‌లు దాన్ని విప్పేస్తారు. ముందు ఆ గుర్తు వంక చూడండి.

ఈ బాధ ఈమధ్యే డొక్కు మార్చినవాళ్ళకి ఎక్కువగా వస్తుంది. బటన్లు అరిగిపోయాయని కొత్త డొక్కు వేయిస్తారు. షాపులో కుర్రాడు సర్క్యూట్ బోర్డు తీసి కొత్తదాంట్లో పెడతాడు, నొక్కి చూస్తాడు, తలుపులు టక్కుమని తెరుచుకుంటాయి, డబ్బులు ఇచ్చేస్తాం. కానీ చాలా తాళాల్లో చిప్ ఆ బోర్డు మీద ఉండదు. డొక్కు గోడలో విడిగా చిన్న గాడి ఉంటుంది, చిప్‌ని అందులో జిగురుతో అంటించి ఉంచుతారు. అది పాత డొక్కులోనే ఉండిపోయి చెత్తబుట్టలోకి పోతుంది. కాబట్టి డొక్కు మార్పించేటప్పుడు దగ్గరే నిలబడండి, బండి స్టార్ట్ చేసి చూడండి, పాత డొక్కు మాత్రం వెంట తెచ్చుకోండి.

మరో చిన్న కారణం: ఒకే గుత్తికి రెండు కార్ల తాళాలు, లేదా కారుదీ స్కూటర్‌దీ చిప్ ఉన్న తాళాలు కలిపి వేసుకోవడం. రింగ్ కాయిల్ అడిగితే రెండు చిప్‌లూ ఒకేసారి పలుకుతాయి, కారుకి ఏదీ అర్థం కాదు. ఒక్క తాళాన్నే విడదీసి ప్రయత్నిస్తే అప్పుడే తేలిపోతుంది.

రెండు తాళాలూ పనిచేయడం మానేస్తే తాళాన్ని అనుమానించకండి. రెండు చిప్‌లు ఒకే రోజు పోవడం అరుదు. రింగ్ కాయిల్ గానీ, దాని వైరు గానీ, ఇంకా ఎక్కువసార్లు కారు బ్యాటరీ గానీ కారణమై ఉంటుంది. బ్యాటరీ నీరసించి సెల్ఫ్ టకటకమంటున్నప్పుడు వోల్టేజీ పడిపోయి ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తించలేకపోవచ్చు. ఇంకో బ్యాటరీతో జంప్ ఇచ్చి చూశాకే తాళం మాట ఎత్తండి.

బటన్ నొక్కి స్టార్ట్ చేసే కార్లలో 'కీ కనబడలేదు' అని వస్తే, చాలావరకు తాళంలో బ్యాటరీ అయిపోయినట్టే. తాళాన్ని స్టార్ట్ బటన్‌కి ఆనించి, బ్రేక్ తొక్కి నొక్కండి. ఆ తాళంలోనూ బ్యాటరీ అక్కర్లేని చిప్ ఉంటుంది, దగ్గరికి తెస్తే కారు దాన్ని చదువుతుంది. కొన్ని మోడళ్లలో ఆనించాల్సిన చోటు స్టీరింగ్ కిందో, కప్పు పెట్టే చోటో ఉంటుంది. మీ కారులో అది ఎక్కడో మాన్యువల్‌లో ఈరోజే చూసి పెట్టుకోండి. తలుపు తెరవడానికి ఆ తాళంలోపలే సన్నటి ఇనుప తాళం దాగి ఉంటుంది, పక్కన చిన్న మీట నొక్కి లాగితే బయటికొస్తుంది.

ఏ రకం తాళం తీసుకోవాలి

ఇగ్నిషన్‌లో తాళం పెట్టి తిప్పే కార్లకి స్పేర్‌గా రిమోట్ లేని చిప్ తాళమే నా సలహా. బటన్లు లేవు, బ్యాటరీ లేదు, పాడయ్యేది ఏమీ లేదు. బీరువాలో ఏళ్ల తరబడి పడున్నా, కావలసిన రోజున పనిచేస్తుంది. రిమోట్ ఉన్న మడత తాళం కంటే బాగా చవక. ఒక్క ఇబ్బంది ఏంటంటే, రిమోట్‌తో లాక్ చేసిన కారుని ఈ తాళంతో తెరిస్తే కొన్నింటిలో అలారం మోగుతుంది. చాలా కార్లలో తాళం పెట్టి ఆన్ చేస్తే ఆ మోత ఆగిపోతుంది. ఇంట్లో ఇద్దరు రోజూ నడుపుతుంటే మాత్రం రెండూ రిమోట్ తాళాలే పెట్టుకోండి.

స్టార్ట్ బటన్ ఉన్న కార్లకి ఈ చవక దారి లేదు, స్మార్ట్ కీయే కొనాలి. వీటికి ఇంకో బెడద ఉంది. ఇంట్లో టేబుల్ మీదున్న తాళం సిగ్నల్‌ని ఒక దొంగ పరికరంతో అందుకుని, కారు దగ్గరున్న ఇంకో దొంగకి చేరవేస్తే కారు తెరుచుకుని స్టార్ట్ అయిపోతుంది. బ్రిటన్‌లో ఇలాంటి దొంగతనాలు పెద్ద సమస్య అయ్యాయి. కారు వీధిలో పెట్టేవాళ్ళు రాత్రిపూట తాళాన్ని మూత గట్టిగా పట్టే రేకు డబ్బాలో వేయండి. డబ్బాని కారు దగ్గరికి తీసుకెళ్లి తలుపు తెరుచుకుంటుందేమో ఒకసారి చూసుకుంటే ఆ డబ్బా పనికొస్తుందో లేదో తెలిసిపోతుంది.

ఎవరి దగ్గర చేయించాలి

షోరూమ్ రేటు ఎక్కువ, ఆలస్యం కూడా ఎక్కువ. తాళం ఆర్డర్ పెట్టి తెప్పిస్తారు. ఆర్సీ, గుర్తింపు కార్డు అడుగుతారు. పోయిన తాళం అయితే పోలీసు దగ్గర ఇచ్చిన ఫిర్యాదు కాపీ కూడా అడుగుతారు. అన్ని తాళాలూ పోతే కారుని వాళ్ళ దగ్గరికి టో చేయించాల్సి రావొచ్చు. కొన్నిచోట్ల ఒక్క తాళం పోయినా మొత్తం లాక్ సెట్ మార్చాలంటారు. అది నిజంగా అవసరమా, లేక కొత్త తాళం ఒక్కటే విడిగా ఇస్తారా అని ఎస్టిమేట్ రాయించుకుని అడగండి.

అయినా మూడు సందర్భాల్లో నేను షోరూమ్‌కే వెళ్లమంటాను. వారంటీ ఇంకా ఉన్న కారు. కొత్త మోడల్ స్మార్ట్ కీ. ఫోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి లాంటి కార్లు. ఈ చివరివాటి ఇటీవలి మోడళ్లలో కొత్త తాళం చేర్చాలంటే సర్వీస్ సెంటర్ కంప్యూటర్ ఆన్‌లైన్‌లో కంపెనీ సర్వర్‌తో మాట్లాడాలి. బయట ప్రయత్నించి చెడగొట్టుకుంటే రిపేరు ఖర్చు తాళం ధరని దాటిపోతుంది.

మిగతా చాలా కార్లకి, అంటే నాలుగైదేళ్లు దాటిన మారుతి, హ్యుందాయ్, టాటా, మహీంద్రా, హోండాలకి, పనిచేసే తాళం చేతిలో ఉంటే మంచి కీ మేకర్ చాలు. ఇంటికే వస్తాడు, ఖర్చు తగ్గుతుంది. విజయవాడ ఆటోనగర్‌లో, సికింద్రాబాద్ రాణిగంజ్ వైపు, ఇంచుమించు ప్రతి జిల్లా కేంద్రంలో ఇప్పుడు ఇలాంటివాళ్ళు ఉన్నారు. అయితే మంచివాడిని ఎలా గుర్తుపట్టాలి అన్నదే అసలు విషయం.

మంచివాడు రేటు చెప్పేముందు మోడలూ సంవత్సరమూ అడుగుతాడు, ఏ చిప్ పడుతుందో చెబుతాడు. ఆర్సీ చూపించమంటాడు. అడగనివాడి దగ్గర చేయించకండి. మిమ్మల్ని అడగనివాడు రేపు మీ కారు ముందు నిలబడ్డ వేరేవాళ్లనీ అడగడు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ సాకెట్‌కి, అంటే కారు కంప్యూటర్‌తో మాట్లాడే ప్లగ్గుకి, మెషీన్ తగిలించి పని చేస్తాడు. వైర్లు కొయ్యడు.

అతన్ని తప్పకుండా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: "క్లోనింగ్ చేస్తారా, ప్రోగ్రామింగ్ చేస్తారా?" క్లోనింగ్ అంటే ఉన్న చిప్‌లోని సమాచారాన్ని కొత్త చిప్‌లోకి ఎక్కించడం. కారుకి రెండూ ఒకటే తాళంలా కనిపిస్తాయి. కారుని ముట్టుకోనక్కర్లేదు కాబట్టి త్వరగా అవుతుంది, ఖర్చు తక్కువ. ప్రోగ్రామింగ్ అంటే కొత్త చిప్‌ని కొత్త తాళంగానే కారు మెమరీలో నమోదు చేయడం. దీనికి చాలా కార్లలో సెక్యూరిటీ కోడ్ కావాలి. హ్యుందాయ్, కియాల్లో అది ఆరంకెల పిన్. రేపు ఈ రెండింటిలో ఒక తాళం పోయిందనుకోండి. ప్రోగ్రామింగ్ చేసినదైతే దాన్ని మెమరీ నుంచి తీసేయొచ్చు. క్లోన్ అయితే తీసేసేసరికి మీ చేతిలో ఉన్నదీ ఆగిపోతుంది. నాలుగు డబ్బులు ఎక్కువైనా ప్రోగ్రామింగే చేయించండి. బండి పాతది, ఏడాదిలో అమ్మేస్తాం అనుకుంటే క్లోన్ సరిపోతుంది.

క్లోనింగ్ ఇంత సులువుగా జరుగుతోందంటే ఆ చిప్‌ల భద్రత బలహీనమని అర్థం. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లో 40 బిట్‌ల రహస్య సంఖ్య ఉండేది. 2005లో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, ఆర్‌ఎస్‌ఏ ల్యాబ్స్ పరిశోధకులు దాన్ని ఛేదించారు. మెగామోస్ చిప్ లోపాల గురించి రాసిన పరిశోధన పత్రాన్ని 2013లో ఇంగ్లండ్ హైకోర్టు ఆపేసింది. 2015లో గానీ అది వెలుగు చూడలేదు. అలాగని ఇమ్మొబిలైజర్ దండగ అనుకోకండి. అమెరికాలో 2011–2021 మధ్య మోడళ్ల హ్యుందాయ్, కియా కార్లు చాలావాటికి అది లేదు. వాటిని ఎలా ఎత్తుకుపోవచ్చో చూపించే వీడియోలు పాకిపోయి దొంగతనాలు విపరీతమయ్యాయి, 2023లో కంపెనీలు సాఫ్ట్‌వేర్ మార్పు ఉచితంగా ఇవ్వాల్సి వచ్చింది. అక్కడ సెకండ్ హ్యాండ్‌లో ఆ కార్లు కొంటున్న మనవాళ్ళు ఆ మార్పు చేయించారో లేదో డీలర్ దగ్గర కనుక్కోవాలి. అమెరికాలోనే కొన్ని పాత ఫోర్డ్ కార్లలో రెండు పనిచేసే తాళాలు చేతిలో ఉంటే మూడోదాన్ని యజమానే చేర్చుకోవచ్చు. ఒక్కటే ఉంటే కుదరదు.

కొందరు కీ మేకర్లు 'బైపాస్' చేస్తామంటారు. ఒక చిప్‌ని రింగ్ కాయిల్ పక్కనే శాశ్వతంగా అంటించేసి, మామూలు ఇనుప తాళం ఇచ్చేస్తారు. చవకగా అయిపోతుంది, బండి నడుస్తుంది. దయచేసి దీనికి ఒప్పుకోకండి. ఆ రోజు నుంచి మీ కారుకి ఇమ్మొబిలైజర్ లేనట్టే. కారు పోతే బీమా కంపెనీకి సమాధానం చెప్పుకోలేరు. మీటరో, కంప్యూటరో ఊడదీసి బోర్డు మీద మెమరీ చదవాలి అని ఎవరైనా అంటే, అన్ని తాళాలూ పోయినప్పుడు కొన్ని కార్లకి అది నిజంగానే అవసరం. కానీ మార్పు చేసేముందు పాత డేటా కాపీ తీసి పెట్టమని చెప్పండి. ఆ మాట వినగానే తలూపేవాడికి పని తెలుసు.

పని అయ్యాక రెండు తాళాలతోనూ విడివిడిగా స్టార్ట్ చేయండి. ఆపి, కాసేపు ఆగి మళ్ళీ చేయండి. నాలుగు తలుపులూ, డిక్కీ, పెట్రోలు మూత చూసుకోండి. కొత్తగా కోసిన తాళం ఇగ్నిషన్‌లో బిగుతుగా తిరుగుతుంటే అప్పుడే మళ్ళీ కోయించండి. బలవంతంగా తిప్పుతూ పోతే లోపలి పిన్‌లు పాడవుతాయి.

ఆన్‌లైన్‌లో డొక్కు ఒక్కటే కొనడం మంచి బేరమే. బటన్లు అరిగినవాళ్ళకి అంతకంటే చవక దారి లేదు. పూర్తి తాళం కొనేటట్టయితే చిప్ రకం, ఫ్రీక్వెన్సీ రెండూ సరిపోవాలి. మనదేశంలో రిమోట్‌లు ఎక్కువగా 433 మెగాహెర్ట్జ్‌వి, అమెరికావి ఎక్కువగా 315వి. అమెరికా నుంచి బంధువులు అదే మోడల్ తాళం తెచ్చినా బటన్లు పనిచేయకపోవచ్చు. వేరే కారుకి వాడిన పాత స్మార్ట్ కీ ఎంత చవకగా వచ్చినా వద్దు. చాలావాటిలో చిప్ ఒకసారి ఒక కారుకి నమోదైతే లాక్ అయిపోతుంది. కొనేముందు మీ కీ మేకర్‌కి ఫొటో పంపి, 'ఇది తెస్తే ప్రోగ్రామ్ చేస్తారా' అని అడగండి. తెచ్చాక కుదరదంటే ఆ డబ్బు పోయినట్టే.

తాళం పోతే

ఎక్కడ పోయిందో తెలిస్తే, ఏ కాలవలోనో పడిపోతే, కొత్తది చేర్చుకుంటే చాలు. ఎక్కడ పోయిందో తెలియకపోతే, ముఖ్యంగా ఆర్సీతోనో పర్సుతోనో కలిసి పోతే, పాత తాళాన్ని మెమరీ నుంచి తీయించండి. దీనికి చేతిలో ఉన్న తాళాలన్నీ తీసుకెళ్లాలి. చాలా మెషీన్లు అన్నీ చెరిపేసి, దగ్గరున్నవాటిని మళ్ళీ నమోదు చేస్తాయి. ఇలా చేశాక ఆ పోయిన తాళంతో బండి స్టార్ట్ అవ్వదు గానీ, దాని ఇనుప ముక్కతో తలుపు ఇంకా తెరుచుకుంటుంది. అడ్రసు కూడా అవతలివాడి చేతిలో ఉంటే తలుపు లాక్‌లు కూడా మార్పించడమే మంచిది.

పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చి కాపీ తీసుకోండి. బీమాలో తాళం పోతే ఖర్చిచ్చే కీ రీప్లేస్‌మెంట్ కవర్ తీసుకుని ఉంటే బీమా కంపెనీ మొదట అడిగేది అదే. కారు దొంగతనానికి గురైతే క్లెయిమ్‌కి కారు కంపెనీ ఇచ్చిన రెండు తాళాలూ అప్పజెప్పమంటారు. ఒకటి లేకపోతే ఎప్పుడు పోయింది, అప్పుడే ఎందుకు చెప్పలేదు అని సవాలక్ష ప్రశ్నలు. తాళం పోయిన నాటి తేదీతో ఫిర్యాదు కాపీ ఉంటే ఆ టెన్షన్ ఉండదు.

సెకండ్ హ్యాండ్ కారు కొంటే, తాళాలు ఎన్ని ఇస్తున్నారో బేరం కుదరకముందే అడగండి. ఒక్కటే ఇస్తే రెండోదాని ఖర్చు రేటులో తగ్గించమనండి. కొన్నాక కీ మేకర్ చేత మెషీన్ పెట్టించి, మెమరీలో ఎన్ని తాళాలు నమోదై ఉన్నాయో చూపించమనండి. చాలా కార్లలో ఆ సంఖ్య కనిపిస్తుంది. మీ దగ్గర రెండుండి అక్కడ మూడు చూపిస్తే అన్నీ చెరిపించి మీ రెండే మళ్ళీ ఎక్కించుకోండి. కొత్త కారుతో పాటు తాళాల గుత్తికి నంబరున్న చిన్న బిళ్ళ తగిలించి ఇస్తారు. ఆ నంబరు ఉంటే తాళం చేతిలో లేకపోయినా గాట్లు కోయొచ్చు. దాన్ని డ్యాష్‌బోర్డు సొరుగులో వదిలేయకుండా ఇంట్లో ఆర్సీ జిరాక్స్‌తో పాటు దాచుకోండి.